నాలుగు వందల రెండు మీటర్లు

ఇప్పుడు నేను గుండె ఆసుపత్రి రికార్డుల గదిలో పనిచేస్తున్నాను. ఫైళ్ళతో ప్రమాదం లేదు, వాటిని నడిపించక్కర్లేదు, అందుకే నాకీ గది ఇచ్చారు. నన్నెవరూ పట్టుకోలేదు, నేనే చెప్పుకున్నాను. ఆలస్యంగా చెప్పుకున్నాను. ఆ ఆలస్యానికి శిక్ష ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు కాబట్టి ఈ గదితో సరిపెట్టారు.

అంతకుముందు పదకొండేళ్ళు పై అంతస్తులో, పరిశోధన విభాగం కారిడార్‌లో, మనుషుల్ని నడిపించేదాన్ని. "డాక్టర్లు కోస్తారు, నర్సులు సూదులేస్తారు, మా చెల్లెలు పక్కన నిలబడి గడియారం చూస్తుంది. నెల తిరిగేసరికి జీతం" అని మా అన్నయ్య చుట్టాలందరి ముందూ వెక్కిరించేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. వాడికేం తెలుసు, నిలబడటం ఎంత కష్టమో అనుకునేదాన్ని. చివరికి ఆ నిలబడటమే నాకు చేతకాలేదు.

పరీక్ష గురించి చెప్పాలంటే రెండు ముక్కల్లో అయిపోతుంది. ముప్పై మీటర్ల కారిడార్, రెండు చివర్లా రెండు నారింజరంగు కోన్‌లు, నేల మీద మూడేసి మీటర్లకి ఒక టేపు ముక్క. రోగి ఈ చివర నుంచి ఆ చివరకి, ఆ చివర నుంచి ఈ చివరకి ఆరు నిమిషాలు నడవాలి. ఆయాసమొస్తే ఆగొచ్చు, కుర్చీలో కూర్చోవచ్చు, గడియారం మాత్రం ఆగదు. ఆరు నిమిషాల్లో ఎన్ని మీటర్లు నడిచాడో రాయాలి, అంతే. అయితే నడిచేవాళ్ళ కంటే నడిపించేవాళ్ళకే షరతులెక్కువ. మనం మొదటి కోన్ దగ్గరే నిలబడాలి. ఎవరైనా పడిపోతారేమోనని వెంట వెళ్ళాల్సొస్తే రెండడుగులు వెనకే ఉండాలి, పక్కన కాదు. పక్కన నడిస్తే ఎదుటి మనిషి తనకి తెలీకుండానే మన అడుగుతో అడుగు కలుపుతాడు. అప్పుడు కాగితం మీదకి ఎక్కేది ఆయన నడక కాదు, మన నడక. కబుర్లు చెప్పకూడదు. నిమిషానికోసారి కార్డు మీద రాసున్న మాట రాసినట్టే, ఒకే గొంతుతో చదవాలి. "మీరు బాగా నడుస్తున్నారు. ఇంకా ఐదు నిమిషాలు ఉన్నాయి." ఎదుటి మనిషి రొప్పుతున్నా అదే మాట, పరుగులాంటి నడక నడుస్తున్నా అదే మాట. గోడకున్న స్పీకరుకీ నాకూ తేడా ఉండకూడదు.

నాకీ పని నేర్పిన పెద్ద సిస్టరు మొదటి వారంలోనే నన్ను పట్టేసింది. "నీకు నోరెక్కువ, జాలెక్కువ. రెండూ ఇంటి దగ్గర వదిలేసి రా" అంది. నోరు మటుకు వదిలి రాగలిగాను.

మా అధ్యయనం గుండెలో ఒక వాల్వ్ గురించి. గుండెలోంచి ఒంటికి రక్తం బయటికెళ్ళే దారిలో అదొక తలుపులాంటిది. కొందరికి వయసు మీద పడ్డాక అది సున్నం పేరుకుని గట్టిపడుతుంది, సగం కూడా తెరుచుకోదు. ఆయాసం, తల తిరగడం మొదలైతే ఆపరేషన్ చేసి మార్చాల్సిందే, అందులో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా వాల్వ్ పాడైనా పైకి ఏ బాధా లేనివాళ్ళ గురించి. వాళ్ళకి ముందే మార్చేయాలా, బాధ మొదలయ్యేదాకా కనిపెట్టుకుని ఉండాలా? అది తేల్చడానికి ఒప్పుకున్నవాళ్ళని రెండు గుంపులు చేశారు. ఎవరు ఏ గుంపో కంప్యూటరు లాటరీ తీసి చెప్తుంది. మొదటి గుంపుకి వెంటనే ఆపరేషన్. రెండో గుంపువాళ్ళు మూడు నెలలకోసారి వచ్చి నా కారిడార్‌లో నడవాలి. మొదటిసారి నడిచిన దూరం కంటే యాభై మీటర్లు తగ్గితే, నాకేం బాధ లేదని మనిషి ఎంత మొత్తుకున్నా సరే, ఆ వారంలోనే ఆపరేషన్‌కి పంపాలి.

"కత్తి పేరు చెప్తే అందరికీ ఆయాసం తగ్గిపోతుంది" అనేది మా పెద్ద డాక్టరమ్మ. "అందుకే నేను వాళ్ళ నోటిని అడగను. కాళ్ళని అడుగుతాను." ఆవిడ ఇలాంటి మాటలు విసిరేసి వెళ్ళిపోతుంది, తర్వాత ఆ కాళ్ళని అడగాల్సింది నేను. రెండో గుంపువాళ్ళకి కాపలా అంటూ ఉంటే అది నేనూ, నా స్టాప్‌వాచీ.

నేను ఇన్‌స్పెక్టరు బాబాయ్ అని పిలిచే పెద్దాయన రెండో గుంపులో పడ్డాడు. పోలీసు కాదు, తూనికలు కొలతల శాఖ. కొట్టుకొట్టుకీ తిరిగి తప్పుడు తూకాలు పట్టుకోవడంలో తల పండిపోయి రిటైరయ్యాడు. మొదటిరోజే సంచిలోంచి సొంత టేపు తీసి, "ఏమనుకోకు అమ్మాయ్, ముప్పై అంటే ముప్పయ్యేనా అని ఒకసారి చూసుకుంటా" అన్నాడు. ఆ కారిడార్‌లో నన్ను అలా అడిగినవాడు ఆయనొక్కడే. నాకు కోపం వచ్చింది, ఆ వెంటనే నవ్వూ వచ్చింది. టేపు ఒక చివర నన్ను పట్టుకోమని, రెండో చివర పట్టుకుని తను మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

కుర్చీలో కూర్చున్న వాళ్ళావిడ తల పట్టుకుంది. "ఇంట్లో పాల గిన్నె కూడా కొలిచే మనిషి. నన్నొక్కదాన్నే కొలవకుండా కట్టుకున్నాడు" అంది నాతో. అప్పుడే ఆవిడ నాకు పిన్ని అయిపోయింది.

"ముప్పై మీద ఒక సెంటీమీటరు ఎక్కువే ఉంది. నష్టం నాకే. పోనీలే, నిజాయితీ గల కొట్టు" అని బాబాయ్ లేచి నా చెయ్యి ఊపాడు. ఆ రోజు నాలుగు వందల ముప్పై ఎనిమిది మీటర్లు నడిచాడు. మూడు నెలలకి నాలుగు వందల ముప్పై మూడు. ఆర్నెల్లకి నాలుగు వందల ఇరవై ఏడు. కొంచెం కొంచెంగా తగ్గుతోంది, ఆపరేషన్‌కి పంపాల్సిన గీత మాత్రం చాలా దూరంలో ఉంది. ఆ గీత మూడు వందల ఎనభై ఎనిమిది దగ్గర.

నడక అయ్యాక పదినిమిషాలు కూర్చోబెట్టి బీపీ చూడాలి. ఆ పదినిమిషాలూ ఆయన కచేరీ. త్రాసు గిన్నె కింద మైనం అంటించినవాడు, కిలో గుండుకి అడుగున తొలిచి పైన రంగేసినవాడు, ఒకరా ఇద్దరా. "దొరికాక వాళ్ళ మొహం చూడాలి అమ్మాయ్. ఒక్కడు కూడా మోసం చేశానని ఒప్పుకోడు. గిరాకీ మీద జాలిపడి ధర తగ్గించానండీ, అది తూకంలో సర్దుకున్నాను అంటాడు. అందరికీ జాలే." నేను పడీపడీ నవ్వేదాన్ని.

ఆయన నాలుగోసారి రావడానికి రెండు వారాల ముందు ఇంకో సంగతి జరిగింది. బట్టలు కుట్టుకుని బతికే ఒక పెద్దావిడ, ఆవిడా రెండో గుంపే, నా కారిడార్‌లో యాభై రెండు మీటర్లు తగ్గింది. "ఇవాళ చెప్పులు బాగాలేవు తల్లీ, ఇంకోసారి నడవనా" అని అడిగింది. రూలు ఒప్పుకోదన్నాను. అంకె రాశాను, పంపాను. నాలుగోరోజు ఆపరేషన్ థియేటర్లోకి వెళ్ళి తిరిగి రాలేదు.

పెద్ద డాక్టరమ్మ నన్ను పిలిచి కూర్చోబెట్టింది. "వందలో ఇద్దరు ముగ్గురికి ఇలా అవుతుంది. పంపకపోతే ఇంకా ఎక్కువమంది పోతారు. నీ అంకె సరైనదే. నువ్వు చేసింది సరైనదే" అంది. బుర్రకెక్కింది. అయినా ఆవిడ చెప్పుల సంగతి మనసులోంచి పోలేదు. అన్నం ముందు కూర్చున్నా అదే, బస్సులో నిలబడినా అదే. ఇంకోసారి నడవనిస్తే నా సొమ్మేం పోయేది అని నన్ను నేనే తిట్టుకున్నాను. అలాంటి బుర్రతో బాబాయ్ ముందు స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడ్డాను.

ఆ రోజు పొద్దున పదకొండు అయింది. పిన్ని కింద మందుల కౌంటర్ దగ్గర వరుసలో ఉంది. బాబాయ్ ఒక్కడే పైకొచ్చాడు, లిఫ్టులో. టేపు తియ్యలేదు, జోకు వెయ్యలేదు. "ఈసారి తగ్గితే కత్తికేనా అమ్మాయ్?" అన్నాడు.

"నడవండి బాబాయ్. నడిచేటప్పుడు మాట్లాడకూడదు" అన్నాను.

మొదటి నిమిషం డెబ్భై మీటర్లు. రెండో నిమిషం అరవై రెండు. మూడో నిమిషంలో ఆయన చెయ్యి గోడవైపు వెళ్ళింది. పట్టుకోలేదు, ఊరికే ఆనించి తీసేశాడు, నేను చూశానేమోనని నావైపు చూశాడు. యాభై మూడు. కార్డు చదవాలి. "మీరు బాగా నడుస్తున్నారు. ఇంకా మూడు నిమిషాలు ఉన్నాయి." చదివాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది. ఈ లెక్కన గీత తప్పదని తెలుస్తూనే ఉంది. ఈయన కూడా నాలుగోరోజు థియేటర్లోకి వెళ్తాడు, పిన్ని బయట బెంచీ మీద కూర్చుంటుంది, పంపింది నేనవుతాను.

కోన్ వదిలేసి వెళ్ళాను. రెండడుగులు వెనక ఆగాల్సింది. ఆగలేదు. ఆయన పక్కకి వెళ్ళి, "పదండి బాబాయ్, నేనూ వస్తున్నా. ఆ మైనం కొట్టువాడి సంగతి పోయినసారి సగంలో ఆపేశారు" అన్నాను.

ఆయన మొహం వెలిగింది. అడుగు వేశాడు. నేను వేసిన వేగానికే వేశాడు. నేను వాగుతూనే ఉన్నాను. మైనం కొట్టువాడి గురించి నాకు తెలిసినంతా నేనే చెప్పేశాను. ఆయన తల మాత్రం ఊపుతున్నాడు. అంత కబుర్ల పోగు నోరు విప్పడం లేదంటే ఊపిరి చాలకనే అని నాకు తట్టలేదు, తట్టాలని నేను అనుకోలేదు. డెబ్భై. డెబ్భై మూడు. డెబ్భై నాలుగు. స్టాప్‌వాచ్ మోగింది.

నాలుగు వందల రెండు.

కుర్చీలో కూర్చున్నాక ఆయన పెదాలు పాలిపోయి ఉన్నాయి. ఊపిరి కూడదీసుకున్నాడు. తర్వాత నా భుజం తట్టి, "ఇవాళ నువ్వు తోడున్నావు, లాగించేశాను" అన్నాడు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్తే సిగ్గుచేటు. ఒక మనిషిని కాపాడాననుకున్నాను.

మా ఫారంలో ప్రతి నిమిషానికీ ఒక గడి ఉంటుంది. ఆ గడులు కాగితంలోనే ఉండిపోతాయి. కంప్యూటర్‌లోకి వెళ్ళేది మొత్తం ఒక్కటే. పెద్ద డాక్టరమ్మ తెర మీద మొత్తం చూసింది. ముప్పై ఆరు తగ్గింది, యాభై కాదు. ఆయాసముందా అంటే లేదన్నాడు. తల తిరుగుతోందా అంటే లేదన్నాడు. మూడు నెలల తర్వాత రమ్మంది. నడక మొత్తం ఉన్న చీటీ కాపీ కావాలని బాబాయ్ అడిగితే నేనే తీసిచ్చాను. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఐదు వారాలకి బాబాయ్ పోయాడు. కూరగాయల సంచితో ఇంటికి వస్తూ మెట్ల మీద పడిపోయాడు. అంబులెన్సు వచ్చేసరికే అంతా అయిపోయింది.

అధ్యయనంలో ఎవరు పోయినా మీటింగు పెట్టి, ముందే పట్టుకోగలిగేవాళ్ళమా అని చూస్తారు. పెద్ద డాక్టరమ్మ ఫైలు చదివింది. "నాలుగు వందల రెండు. గీత దాటలేదు. బాధలేమీ చెప్పలేదు. మనం చేయగలిగింది ఏమీ లేదు." ఒక కుర్ర డాక్టరు నావైపు తిరిగి, పాపం మీకు బాగా చనువున్న మనిషి కదా అన్నాడు. టీ వచ్చింది. అందరూ తాగారు. నేనూ తాగాను.

తర్వాత ఫైలు తీసుకుని అలమర వెనక్కి వెళ్ళి నిమిషాల గడులు చూశాను. డెబ్భై, అరవై రెండు, యాభై మూడు. అక్కడిదాకా దిగుతోంది. ఆ తర్వాత డెబ్భై, డెబ్భై మూడు, డెబ్భై నాలుగు. పాడైన వాల్వ్‌తో ఏ మనిషీ అలా నడవడు. ఆ కాగితం చదవడం వచ్చినవాళ్ళెవరైనా గడుల వంక ఒక్కసారి చూస్తే నేనెక్కడ కోన్ వదిలానో వేలుపెట్టి చూపించగలరు. ఎవరూ చూడలేదు. మొదటి మూడు నిమిషాలు కలిపితే నూట ఎనభై అయిదు, రెట్టింపు చేస్తే మూడు వందల డెబ్భై. గీత కింద పద్దెనిమిది మీటర్లు. మా కారిడార్‌లో ఆరు టేపు ముక్కల దూరం.

నేను చెప్పలేదు. చెప్తే నా ఒక్క పరీక్షతో పోదు, పదకొండేళ్ళుగా నేను నడిపించిన ప్రతి మనిషి అంకె మీదా అనుమానం వస్తుంది, వందలమంది శ్రమ చెత్తబుట్టలోకి పోతుంది, అధ్యయనమే కూలిపోతుంది అని నాకు నేనే పెద్ద ఉపన్యాసం ఇచ్చుకున్నాను. ఉపన్యాసం బాగానే ఉంది. అసలు సంగతి, భయం. ఉద్యోగం పోతుందని భయం, అంతకంటే పిన్నికి తెలుస్తుందని భయం. రెండు నెలలు అలా గడిపాను. ఆ రెండు నెలల్లో ఎవరి వెంటా ఒక్కడుగు వెయ్యలేదు, ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. పెద్ద సిస్టరు చూసుంటే మెచ్చుకునేది.

పోయినవాళ్ళ ఇంటికి వెళ్ళి, చివరి నెలల్లో మనిషి ఎలా ఉన్నాడో అడిగి రాసుకునే ఫారం ఒకటుంది. పన్నెండు ప్రశ్నలు. "నువ్వే వెళ్ళు, వాళ్ళావిడకి నీ దగ్గర చనువు" అని పెద్ద డాక్టరమ్మ నా చేతిలో పెట్టింది. తప్పించుకుందామని జ్వరం వంక కూడా పెట్టాను. ఒక వారం ఆగి వెళ్ళమంది, అంతే.

వెళ్ళేరోజు బాబాయ్ ఫైలులోంచి నిమిషాల కాగితం ఎందుకు తీసి సంచిలో పెట్టుకున్నానో నాకే తెలీదు. చూపించాలని మటుకు అనుకోలేదు.

మూడో అంతస్తు, లిఫ్టు లేదు. యాభై నాలుగు మెట్లు. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. పిన్ని తలుపు తీసి, "నువ్వా, రా అమ్మాయ్, వస్తావనే అనుకున్నా" అంది. చిక్కిపోయింది. హాల్లో గోడకి మేకులు కొట్టి స్టీలు స్కేళ్ళు పొడుగు వరసన తగిలించి ఉన్నాయి. కిటికీ పక్కన ఒక వాలుకుర్చీ, అందులో తలగడ, మడతపెట్టిన దుప్పటి. ఆ కుర్చీలో కూర్చోబోతే, "అందులో వద్దు, ఇటు రా" అని పక్కన స్టూలు లాగింది. టీ పెట్టింది.

"అడుగు. అన్నీ చెప్తా, రాసుకో" అంది.

నిద్ర సంగతి అడిగాను.

"ఆ కుర్చీలోనే పడుకునేవాడు. పడుకుంటే ఊపిరాడటం లేదని ఒప్పుకుంటే ఆయనెందుకవుతాడు. కిటికీ గాలి బాగుందనేవాడు."

మెట్ల సంగతి అడిగాను.

"రెండో అంతస్తులో ఆగేవాడు. అక్కడ కింది వాటా ఆయనతో పేపరు చదివొస్తా అనేవాడు. పేపరు మా ఇంట్లోనే ఉండేది. నేను పైనుంచి తొంగి చూసేదాన్ని. మెట్టు మీద ఒక్కడే కూర్చుని ఉండేవాడు, చొక్కా గుండీలు విప్పుకుని."

ఎప్పట్నుంచి అని ఫారంలో తర్వాతి ప్రశ్న.

"మీ దగ్గరికి ఆఖరిసారి రావడానికి ఒక నెల ముందు నుంచీ."

ఎవరైనా డాక్టరుకి ఈ సంగతి చెప్పారా అన్నది ఆ తర్వాతి ప్రశ్న. అదీ అడిగాను. పిన్ని టీ గ్లాసు చేతుల మధ్య తిప్పుతూ కూర్చుంది.

"చెప్దామనే బయల్దేరాను ఆ రోజు. ఆయనకి తెలీకుండా మీ డాక్టరమ్మకి చెప్పాలని. ముందు మందులు తీసుకుంటా, నువ్వు నడిచి రా అన్నాను. వరుసలో ఉండగానే నవ్వుకుంటూ దిగొచ్చాడు, కాగితం ఊపుతూ. నాలుగు వందల రెండంట. ఇంకేం చెప్పను? నీ కళ్ళు నమ్మమంటావా, కొలత నమ్మమంటావా, ఆ కారిడార్ నేనే కొలిచాను, అందులో మోసం లేదు అన్నాడు. నాకూ అనిపించింది, నాకేం తెలుసు, నేనేమన్నా చదువుకున్నానా, అంతమంది చూసి రాశారు కదా అని. ఇంటికొచ్చేశాం."

నేను రాయడం ఆపేశాను. ఆవిడ గమనించలేదు.

"అయినా నోరూరుకోదు కదా. రోజూ పోరేదాన్ని. ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్దాం, నువ్వు బాగాలేవు అని. ఎప్పుడన్నా జేబులోంచి ఆ కాగితం తీసి చూపించేవాడు. ఆ రోజు పొద్దున కూరగాయలకి నేను వెళ్తానన్నాను. ఒప్పుకోలేదు. నువ్వు మెట్లెక్కలేవు అని అనేశాను. నన్ను మంచాన పడేయాలని నీకెందుకంత తొందర అన్నాడు. సంచి తీసుకుని వెళ్ళిపోయాడు. మా ఇద్దరి మధ్యా అదే ఆఖరి మాట." పిన్ని గ్లాసు కింద పెట్టింది. "పాపం, మనిషి బాగానే ఉన్నాడని మీరంతా రాసిచ్చారు. ఆ కాస్త రోజులూ నస పెట్టి చంపాను. అదే నన్ను తినేస్తోంది అమ్మాయ్. హాయిగా ఉండనివ్వాల్సింది."

తప్పు నాది. ఆ తప్పుని ఈవిడ రెండు నెలలుగా తన నెత్తిన మోస్తోంది. నేను నోరు మూసుకుని వెళ్ళిపోతే పోయేదాకా మోస్తుంది. ఉద్యోగం, అధ్యయనం, పదకొండేళ్ళు, వీటిలో ఒక్కటీ ఆ క్షణాన నాకు గుర్తు రాలేదు.

"బాబాయ్ నడవలేదు పిన్నీ. నేను నడిపించాను" అన్నాను.

ఆవిడకి అర్థం కాలేదు. నిమిషాల కాగితం తీసి కిటికీ గట్టు మీద పరిచాను. పక్కన నడవకూడదని రూలుందని చెప్పాను. మూడో నిమిషంలో ఆయన గోడకి చెయ్యి ఆనించాడని, నేను చూశానని, ఆపరేషన్‌కి పంపాల్సొస్తుందని భయపడి పక్కకి వెళ్ళానని, కబుర్లు చెప్పి లాక్కెళ్ళానని చెప్పాను. కుట్టుపని పెద్దావిడ సంగతీ చెప్పాను, అది సాకులా వినిపించి మధ్యలో ఆపేశాను. ఎవరికీ చెప్పలేదని కూడా చెప్పాను.

పిన్ని కళ్ళజోడు తెచ్చుకుంది. గడుల మీద వేలు పెట్టింది. డెబ్భై, అరవై రెండు, యాభై మూడు. "ఇవి ఆయనవి."

"అవును."

వేలు పక్కకి జరిపింది. "ఇవి నీవి."

"అవును పిన్నీ."

"నువ్వు పక్కన లేకపోతే?"

"మూడు వందల డెబ్భై అయ్యుండేది. ఇంకా తక్కువే కావొచ్చు. ఆ వారంలోనే ఆపరేషన్‌కి పంపేవాళ్ళం."

"బతికేవాడా?"

"తెలీదు. వందమందిని పంపితే తొంభై ఏడుగురు ఇంటికొస్తారు."

ఆవిడ నన్ను తిడుతుందని కూర్చున్నాను. తిట్టాలనే కోరుకున్నాను. తిడితే ఏడ్చి, కాళ్ళు పట్టుకుని, ఎంతో కొంత తేలికపడి ఇంటికెళ్ళేదాన్ని. పిన్ని లేచి టీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి చప్పుడు చాలాసేపు వినిపించింది. రెండు గ్లాసులకి అంత నీళ్ళక్కర్లేదు. మొహం కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"అయితే నేనన్నది నిజమేనన్నమాట" అంది.

"నిజమే పిన్నీ. మీరొక్కరే సరిగ్గా చూశారు."

"ఊఁ" అంది. నా ఒళ్ళో ఉన్న ఫారం వైపు గడ్డం ఎగరేసి, "ఇంకా ఎన్నున్నాయి?" అని అడిగింది.

"ఒకటే. వదిలేద్దాం పిన్నీ."

"ఎందుకు వదలడం. అడుగు."

పన్నెండో ప్రశ్న అచ్చులో ఉంది, అలాగే చదివాను. రోగికి జరిగిన పరీక్షల గురించి, వైద్యం గురించి కుటుంబ సభ్యులు చెప్పదలుచుకున్నది ఏమైనా ఉందా. దాని కింద నాలుగు ఖాళీ గీతలు.

పిన్ని వాలుకుర్చీ వైపు చూస్తూ చెప్పింది. గొంతులో కోపం లేదు. నేను చాలా వెతికాను, లేదు.

"బాగాలేవని నేను రోజూ చెప్పాను. నా మాట వినలేదు. ఆ ఒక్క మాట నువ్వు చెప్పుంటే వినేవాడు అమ్మాయ్. నువ్వు ఏ అంకె రాసినా వినేవాడు. అది రాసుకో."

నాలుగు గీతలూ సరిపోయాయి. రాశాక ఆవిడకి ఒకసారి చదివి వినిపించి, కింద సంతకం చేయించుకున్నాను.